ఇరవై మూడు పేజీలూ, ఒక చెత్తడబ్బా

ఆ రోజు పొద్దున్న మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి బడికి చేరాలి. పదకొండింటికి తనిఖీ అధికారి వస్తాడు. పన్నెండు కొట్టేసరికి తను విభాగాధిపతి అయిపోవాలి.

ఆయన హైస్కూల్లో ఫుడ్ సైన్స్ చెబుతారు. పిల్లలకు ఆయన పాఠాలకన్నా ఆయన రాసిన నియమావళే ఎక్కువ గుర్తు. ఇరవై మూడు పేజీలు, నలభై మూడు నిబంధనలు, పైన 'అంచనాలు, మార్కుల విధానం' అని లావుపాటి అక్షరాలు. దాని ప్రకారం ఏడాది మొదట్లో అందరికీ వంద మార్కులుంటాయి. తప్పు చేసినప్పుడల్లా కోత పడుతుంది. పోయిన మార్కు మళ్ళీ రాదు. నియమావళి మీద ఇంటిపెద్ద సంతకం పెట్టించి మర్నాడే తేవాలి, తేకపోతే రోజుకు పది మార్కులు గోవిందా. వండినది రుచిగా లేకపోతే మాత్రం రెండే మార్కులు. ఆ రెండూ ఇంతవరకూ ఎవరికీ పోలేదు, ఎందుకంటే ల్యాబులో ఎవరూ ఏదీ తినకూడదని ముప్పయ్యో నిబంధన.

"ఈ మొదటి నిబంధన ఒకసారి చూసుకోండి. 'ల్యాబులో అడుగుపెట్టిన ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది' అని రాశారు. ప్రతి విద్యార్థికీ అనాలేమో కదండీ?" అంది భార్య, కాఫీ గ్లాసు పక్కన పెడుతూ. ఆవిడ ఒక ప్రింటింగు ప్రెస్సులో ప్రూఫులు చూస్తుంది. చేతిలో ఎర్రపెన్ను ఉన్నా లేకపోయినా తప్పులు ఆవిడ కళ్ళబడకుండా పోలేవు.

"ప్రతి వ్యక్తి అంటేనే బరువుగా ఉంటుంది. నువ్వు పుస్తకాలు దిద్దుకో, నా క్లాసు నేను దిద్దుకుంటాను."

"సరే. మరి ఈ పిండిలో ఈస్టు ఎంత వేశారు? డబ్బా మూత దానంతటదే లేస్తోంది."

మాస్టారు డబ్బాను ఆవిడ కళ్ళబడకుండా పక్కకి జరిపారు. నాలుగింతలు వేశారు. అధికారి ముందు పిల్లలు బ్రెడ్డు చేసి చూపించాలి, వాళ్ళ పిండి పొంగుతుందన్న నమ్మకం ఆయనకు ఏ కోశానా లేదు. అందుకని రాత్రే ఇంట్లో రహస్యంగా ఓ పెద్ద ముద్ద కలిపి ఉంచారు. సమయం చూసి పిల్లల పిండి పక్కకు నెట్టి ఇది ఓవెన్లో పెట్టేస్తే, అధికారి కళ్ళు చెదరాలి. మూత గట్టిగా నొక్కి, చుట్టూ రబ్బరు బ్యాండు వేసి, డబ్బాను బడికి మోసుకుపోయి ల్యాబు ఫ్రిజ్‌లో కింది అరలో దాచారు. ఆ తర్వాత పిల్లలకు పని అప్పజెప్పి ఆఫీసు గదికి వెళ్ళి, విభాగాధిపతి అయినప్పుడు కృతజ్ఞతలు చెబుతూ మాట్లాడాల్సిన నాలుగు ముక్కలూ కాగితం మీద పెట్టుకున్నారు.

పదిన్నరకు తిరిగొచ్చి ఫ్రిజ్ తెరిస్తే కింది అర ఖాళీ.

"ఇక్కడో డబ్బా ఉండాలి, ఏమైంది?" అన్నారు, గొంతు వీలైనంత మామూలుగా పెట్టి.

క్లాసు లీడరమ్మాయి లేచి నిలబడింది. నలభై మూడు నిబంధనలూ నంబర్లతో సహా కంఠతా పట్టిన పిల్ల అది. మాస్టారే మురిసిపోయి మార్కుల రిజిస్టరు దాని చేతికిచ్చారు. "పారేశాను సార్. పదిహేడో నిబంధన. పేరూ తేదీ లేని డబ్బా కనిపిస్తే అందులోది విచారణ లేకుండా చెత్తడబ్బాలో వేయాలి."

"కాస్త ఆగి అడగొచ్చుగా!"

"విచారణ లేకుండా అని ఉంది సార్. రిజిస్టర్లో 'గుర్తు తెలియని వ్యక్తి, పది మార్కులు కోత' అని రాశాను. ఇంతకీ అది ఎవరిది సార్?"

ఇరవై నాలుగు మంది పిల్లలూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. మాస్టారు చివరికి "నాదే," అన్నారు. లీడరమ్మాయి 'గుర్తు తెలియని వ్యక్తి' అన్నది కొట్టేసి, అక్కడ మాస్టారి పేరు పొందిగ్గా రాసుకుంది.

చెత్తడబ్బా ఓవెను పక్కన ఉంది. తలుపుకు ఆరడుగుల దూరంలో ఉండాలని ఇరవై రెండో నిబంధన, ఆ గదిలో అలాంటి చోటు అదొక్కటే. ఓవెను పొద్దుటి నుంచీ వేడెక్కుతోంది. ఇనప డబ్బా, ఇనప మూత, లోపల నాలుగింతల ఈస్టు. మాస్టారు అటు పరిగెత్తబోయారు కాని, అప్పటికే వరండాలో ప్రిన్సిపాల్ మేడమ్ గొంతు వినిపిస్తోంది.

"రండి సార్, ఇదే మా ఫుడ్ సైన్స్ ల్యాబు. క్రమశిక్షణకు మారుపేరండీ!"

తనిఖీ అధికారి భారీ మనిషి. కళ్ళజోడు సర్దుకుంటూ గడపలో కాలు పెట్టబోయాడు. లీడరమ్మాయి అడ్డం నిలబడింది.

"తలకు టోపీ పెట్టుకోండి సార్. వాచీ, ఉంగరం తీసేయండి. సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కోండి."

ప్రిన్సిపాల్ మేడమ్‌కు పైప్రాణాలు పైనే పోయాయి. "సార్‌కి అవన్నీ ఎందుకమ్మా? పక్కకి జరుగు!"

"మొదటి నిబంధన మేడమ్. ప్రతి వ్యక్తికీ అని ఉంది."

అధికారి ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూశాడు.  "రూలంటే రూలే. ఇలాంటివాళ్ళే కావాలి," అన్నాడు అధికారి. కాగితపు టోపీ తగిలించుకుని, వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు. మాస్టారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. విభాగాధిపతి కుర్చీ మెత్తగా ఉంటుందా, గట్టిగా ఉంటుందా అని కూడా ఆలోచించారు.

ఉంగరం మాత్రం రాలేదు.

"పెళ్ళినాటిది. ఇరవయ్యారేళ్ళుగా తీసింది లేదు," అన్నాడు అధికారి, వేలు ఎర్రగా కందిపోయేలా లాగుతూ. సబ్బు రాశారు, రాలేదు. చన్నీళ్ళలో ముంచారు, రాలేదు. కుర్చీ అందినట్టే అంది చేజారిపోతోందని మాస్టారికి భయం పట్టుకుంది. గబగబా వెళ్ళి బల్లమీద పిల్లలు తూచి పెట్టుకున్న వెన్నలోంచి ఓ గుప్పెడు తీసి, అధికారి వేలికి స్వయంగా పట్టించారు.

"ఇతరులు తూచుకున్న సరుకు అడక్కుండా వాడటం, పందొమ్మిదో నిబంధన. ఇరవై మార్కులు సార్," అని వెనకనుంచి లీడరమ్మాయి గొంతు వినిపించింది.

"తర్వాత చూద్దాం!" అని పళ్ళు నూరి, మాస్టారు ఉంగరాన్ని బలంకొద్దీ లాగారు. వచ్చింది. మామూలుగా రాలేదు, ఎగిరొచ్చింది. ట్యూబులైటు దాకా లేచి, ఆరు జట్లవాళ్ళూ కలిపి పెట్టుకున్న ఆరు పిండి గిన్నెల్లో దేంట్లోనో చప్పుడు కాకుండా పడింది. ఏ గిన్నెలో పడిందో ఒక్కరూ చూడలేదు.

"ఎవరూ కదలకండి, నేను వెతుకుతాను," అన్నారు మాస్టారు.

"వెతక్కూడదు సార్. ఇరవయ్యారో నిబంధన. తినే వస్తువులో బయటి వస్తువు పడి, ఎక్కడ పడిందో తెలియకపోతే ఆ బల్లమీదున్నదంతా వెంటనే పారేయాలి." ఆ పిల్ల చెప్పడం పూర్తికాకముందే ఆరు జట్లూ లేచాయి. వెంటనే చేయకపోతే మనిషికి ఐదు మార్కులు చొప్పున పోతాయని వాళ్ళకు తెలుసు. చెత్తడబ్బా మూతలో పక్కగా ఉన్న చిన్న కంతలోంచి ఆరు ముద్దలూ ఒకదాని వెనక ఒకటి లోపలికి జారిపోయాయి. చాలా శుభ్రంగా, వరసలో, తోసుకోకుండా చేశారు. అంత క్రమశిక్షణ ఆ బడిలో ఎప్పుడూ ఎవరూ చూసి ఉండరు.

"నా ఉంగరం," అన్నాడు అధికారి నెమ్మదిగా. "ఇంటికి వెళ్ళి మా ఆవిడకి నేనేం చెప్పాలి?"

"ఇప్పుడే తీయిస్తాను సార్! మూత తెరవండర్రా!"

ఎవరూ కదల్లేదు. చెత్తడబ్బా మూత ఆ రోజు డ్యూటీ ఉన్నవాళ్ళే తెరవాలి. ఆ రోజు డ్యూటీ ఒక పొడుగుపిల్లది. ఆ అమ్మాయి బస్సు దిగి పరిగెత్తుకొచ్చినా ఒక్క నిమిషం ఆలస్యమైంది. అందుకని పొద్దుటి నుంచీ బయట కిటికీ దగ్గర నిలబడి క్లాసు వింటోంది.

"లోపలికి రా తల్లీ!" అని కిటికీలోంచి పిలిచారు మాస్టారు. ఆయన ఒక విద్యార్థిని తల్లీ అనడం అదే మొదటిసారి.

"రాకూడదు సార్. ఆలస్యమైనవాళ్ళు ఆ పూటంతా బయటే. కారణాలు కూడా చెప్పకూడదన్నారు మీరు. పొద్దున్న చెప్పబోతే వినలేదు కదా."

"నేనే రమ్మంటున్నాను కదా!"

"ఆలస్యమైనవాళ్ళని పిలిచినవాళ్ళకి ఇరవై మార్కులు సార్," అంటూ లీడరమ్మాయి రాసేసుకుంది.

అప్పుడే చెత్తడబ్బా మూత కదిలింది. ముందు కొంచెం ఊపిరి తీసినట్టు లేచి, మళ్ళీ కూర్చుంది. అది చూసింది మాస్టారొక్కరే. అధికారి అటు తిరగబోయేలోగా, ఆయన రెండంగల్లో వెళ్ళి ఆ మూతమీద కూర్చున్నారు. కాలు మీద కాలు వేసుకుని నవ్వారు.

"మా మార్కుల విధానం గురించి రెండు మాటలు చెబుతాను సార్."

"నిలబడి చెప్పొచ్చుగా?"

"ఇలా అలవాటు సార్."

"ఇక్కడ వండినవి ఎలా ఉంటాయి?" అని అధికారి పిల్లల్ని అడిగాడు. పిల్లలు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి వెనకబెంచీ పిల్ల ఒకతె చెప్పింది: "తెలీదు సార్. ఏడాది నుంచీ వండుతున్నాం కానీ ఒక్కసారి కూడా తినలేదు."  మాస్టారికి ఆ మాట ఎక్కడో చురుక్కుమంది. కాని అప్పటికే ఇంకేదో వెచ్చగా, మెత్తగా, ప్యాంటు కింద నుంచి పైకి పాకుతోంది. రెండు చేతులతో డబ్బా అంచులు పట్టుకుని ఆయన బరువంతా కిందకి దించారు. దాంతో పిండి నాలుగు పక్కలనుంచీ తన్నుకొచ్చింది. పక్క కంతలోంచి బయటికి ఉబికి, డబ్బా మీదుగా జారి, తీరిగ్గా నేలమీదికి దిగి, అధికారి బూట్లవైపు బయలుదేరింది.

"లేవండి," అన్నాడు అధికారి.

మాస్టారు లేచారు. ఆయనతో పాటు పిండి కూడా లేచింది. ప్యాంటు వెనక నుంచి డబ్బా దాకా బారెడు తీగలు సాగాయి. పిల్లలు నవ్వలేదు, ల్యాబులో నవ్వకూడదని ఎనిమిదో నిబంధన. ప్రిన్సిపాల్ మేడమ్ నియమావళి చదవలేదు కాబట్టి ఆవిడ నవ్వేసింది. ఆ పిండి నడుమ, మాస్టారి కుడి జేబుకు కాస్త కింద, ఉంగరం తళుక్కున మెరిసింది.

అధికారి దాన్ని రెండు వేళ్ళతో ఊడదీసి, కడిగి, వేలికి పెట్టుకున్నాడు. తర్వాత రిజిస్టరు అడిగి తీసుకున్నాడు. "మీ మాస్టారు ఎంతకు దిగారు?"

"పరికరాలమీద కూర్చోవడానికి ఇంకో ఇరవై సార్. మొత్తం డెబ్భై పోయాయి, ముప్పై మిగిలాయి," అంది లీడరమ్మాయి.

 ఇక విభాగాధిపతి సంగతి దేవుడెరుగు, ఉద్యోగం మిగిలితే చాలనుకున్నారు మాస్టారు. అయితే అధికారి నియమావళి అందుకుని ఇరవై మూడు పేజీలూ తిరగేసి తల ఊపాడు.

"ఎన్ని బడులు చూశాను! రాసినదొకటి, చేసేదొకటి. రాసింది రాసినట్టు చేసిన పిల్లల్ని ఇక్కడే చూశాను. విభాగాధిపతిగా మిమ్మల్నే సిఫారసు చేస్తాను."

మాస్టారి ముఖం వెలిగిపోయింది.

"నలభై మూడో నిబంధన చదవమ్మా," అన్నాడు అధికారి లీడరమ్మాయితో.

"ముప్పై అయిదుకి తగ్గిన వ్యక్తి, ఇంటిపెద్ద సంతకంతో మర్నాడు మళ్ళీ చేరి, వంద మార్కులతో మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాలి."

"వ్యక్తి అనే ఉంది చూశారా? పాఠాలు మీరే చెప్పండి, మీ మార్కులు మాత్రం ఈ అమ్మాయి వేస్తుంది. ఏడాది చివరికి తొంభైకి తగ్గకపోతే కుర్చీ మీదే." వెళ్ళేముందు అధికారి కిటికీ దగ్గర ఆగాడు. పొడుగుపిల్లని ఆలస్యం ఎందుకైందని అడిగి, అది చెబుతున్నంతసేపూ నిలబడి విన్నాడు.

మాస్టారు సాయంత్రం ఇంటికి నడుస్తూ లెక్క వేసుకున్నారు. వందలో పది పోయినా పరవాలేదు, ఏడాదంతా ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే చాలు. తన కాగితం మీద తనే సంతకం పెట్టుకుంటే చెల్లదు కాబట్టి, గుమ్మంలోనే నియమావళి భార్య చేతిలో పెట్టి, ఎక్కడ సంతకం చేయాలో వేలితో చూపించారు.

"ఉంచండి, చదివి పెడతాను," అందావిడ.

"చదవడానికేముంది, నేను రాసిందేగా! రేపు పొద్దున్నే ఇవ్వాలి. ఇది నా బతుకు విషయం, అర్థం చేసుకో."

"చదవకుండా దేనిమీదా సంతకం పెట్టను, మీకు తెలుసు. మొదటి పేజీలోనే పదకొండు తప్పులున్నాయి. రెండ్రోజులు పడుతుంది."

"రెండ్రోజులా! ఎందుకు ఆలస్యమైందంటే నేను ఏం చెప్పుకోను?"

"ఏం చెప్పుకోనక్కర్లేదు," అంటూ ఆవిడ ఎర్రపెన్ను మూత తీసింది. "కారణాలు అడగరని అయిదో పేజీలో మీరే రాశారు."

సంతకం రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. రోజుకు పది చొప్పున పోయి, మొదటి పాఠం మొదలుకాకముందే మాస్టారికి ఎనభై మార్కులే మిగిలాయి. నియమావళిలో మాత్రం ఒక్క తప్పూ మిగల్లేదు.