అరకిలో ట్రిగ్గర్

ఆ ఆదివారం ఉదయానికి కీర్తిప్రియ వేసుకున్న ప్రణాళికలో మూడే పనులున్నాయి. ఏడింటిలోగా రెండు ఎయిర్ పిస్టళ్లలో ఒకదాన్ని ఎంచుకోవడం, ఎనిమిదింటిలోగా దాని ట్రిగ్గర్ సరిచూసుకోవడం, తొమ్మిదింటికి షూటింగ్ రేంజిలో ఉండడం. ఈ మూడింటిలో ఎక్కడా తండ్రి కైలాసం ప్రమేయం లేదు. ఆ సంగతి కైలాసానికి మాత్రం తెలియదు.

పత్తర్‌గట్టి వెనక సందులో కింద కైలాసం పప్పుల దుకాణం, పైన వాళ్ల ఇల్లు. కీర్తిప్రియ డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. మూడేళ్లుగా క్లబ్బువాళ్ల పిస్టల్‌తోనే పది మీటర్ల దూరంలోని అట్ట మీద గురి చూస్తోంది. దాని చెక్కపిడి ఎవరో పెద్ద చేతి మగవాడి కోసం చేసింది. అందులో ఆమె చెయ్యి, ఎవరివో చెప్పుల్లో కాలు పెట్టినట్టు, అటూ ఇటూ జారుతుంటుంది. ఈ ఏడాదికి మిగిలింది ఆ రోజు జరిగే అర్హత పోటీ ఒక్కటే. అందులో గట్టెక్కితేనే రాష్ట్ర జట్టు ఎంపికకు పిలుపు వస్తుంది. అందుకే కోచ్ వెంకటనారాయణ ఎవరో అమ్మదలచిన రెండు పాత పిస్టళ్లు తెచ్చి, వారం రోజులు రెండింటితోనూ ఆమె చేత సాధన చేయించాడు. శనివారం సాయంత్రం రెండు పెట్టెలూ చేతికిచ్చి, "పొద్దుగాల పరేషాన్ లేకుండ పట్టి చూస్కో. ఒకటి ఉంచుకో, ఒకటి వాపస్ తే" అన్నాడు.

పరేషాన్ లేని పొద్దు కైలాసం ఇంట్లో ఆరింటి వరకే ఉంటుంది.

"ఏంది బిడ్డా, నన్ను పిలువకుండనే ఎంచుతున్నవా?" అంటూ కైలాసం తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ముప్పై ఏండ్ల సంది కందిపప్పు పంటికింద ఏసుకొని ఏ ఊరి సరుకో చెప్తున్న. నాకు తెల్వని ఎంచుడా?"

ఒక పిస్టల్ తీసి కొబ్బరికాయ మీద కొట్టినట్టు పిడి మీద వేలితో కొట్టాడు. రెండోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చివరికి నీలం గొట్టం ఉన్నదాన్ని ముందుకు జరిపాడు.

"గిది తీస్కో. పిడి పెద్దగున్నది."

"పెద్దగుంటె పనికిరాదు బాపు. చేతికి అతుక్కోవాలె."

"ఇయ్యాల పెద్దగుంటది. రేపు చెయ్యి పెరుగుతది."

"ఇర్వై ఏండ్ల పిల్లకు చెయ్యి ఇంకేం పెరుగుతదయ్యా!" వంటింట్లోంచి తల్లి సుశీలమ్మ అందుకుంది. "బడి చెప్పులు గూడ గిట్లనే కొన్నవ్. ఏడో తరగతిల కొన్నయి ఇంటర్ల సరిపోయినయ్."

కీర్తిప్రియ లేచింది. గోడ మీద పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, కొంచెం దూరంగా నిలబడింది. కళ్లు మూసుకుని చెయ్యి లేపేది, కళ్లు తెరిచి గొట్టం ఎటు చూస్తోందో చూసేది. నీలం పిస్టల్ పదిసార్లలో ఏడుసార్లు చుక్కను వదిలి పక్కనున్న క్యాలెండరును చూసింది. నల్లది తొమ్మిదిసార్లు నేరుగా చుక్క మీదే ఆగింది.

"నల్లది" అంది.

ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. కానీ ఒకసారి అన్న మాటను రెండోసారి అనదు. ఆ ఇంట్లో అందరికీ అది తెలుసు.

"సరే. పిస్టల్ నీ ఇష్టం" అన్నాడు కైలాసం లేస్తూ. "తూకం మాత్రం నా ఇష్టం. కిందికి రా."

తూకం సంగతి ఇది. పోటీకి ముందు పిస్టల్‌ను నిలువుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కు సరిగ్గా అయిదు వందల గ్రాముల బరువు తగిలించి పైకి లేపుతారు. ట్రిగ్గర్ ఆ బరువును మోస్తే సరే. మొయ్యలేక జారిందా, ఆ పిస్టల్‌ను లోపలికి రానివ్వరు. అలాగని మరీ గట్టిగా ఉంచుకుంటే నొక్కేటప్పుడు గురి కదులుతుంది. అందుకే అందరూ అయిదు వందలకు కొంచెం పైన ఉండేలా స్క్రూ బిగించుకుంటారు. దుకాణంలోని ఎలక్ట్రానిక్ కాంటా మీద ఒక సంచిలో పప్పు తూచి, దాన్ని ట్రిగ్గర్‌కు వేలాడదీసి చూడాలని కీర్తిప్రియ అనుకుంది.

"కరెంటు పోతె సచ్చే కాంటను నమ్ముతవా?" కైలాసం గల్లా పక్కనుంచి అరకిలో తూకపు రాయి, ఒక ఇనుప బాటు తీశాడు. అరవై ఏళ్లుగా చేతులు తగిలి అది నున్నగా మెరుస్తోంది. "మా బాపు నాటి అద్దకిలో. దీన్ని మించిన అద్దకిలో హైదరాబాద్‌ల లేదు."

"ఒక్కసారి దీన్ని కాంట మీద పెట్టి చూద్దామా బాపు?"

"మీ తాతను ఆధార్ కార్డు అడుగుతవా?"

సుతిలి తాడుతో బాటును ట్రిగ్గర్‌కు కట్టారు. కీర్తిప్రియ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ, ట్రిగ్గర్ జారే దగ్గర ఆగి, వెంట్రుకవాసి వెనక్కి బిగించింది. ఇప్పుడు బాటును మోసింది. ఇంకొంచెం బిగిద్దామనుకునేలోగా కైలాసం చెయ్యి అడ్డం పెట్టాడు.

"కోచ్ సార్ ఇంకో ఇర్వై గ్రాములు ఎక్కువనే ఉంచుకొమ్మన్నడు" అంది.

"ఆయనకు నా బాటు సంగతి తెల్వక అన్నడు." కైలాసం స్క్రూ తిప్పే చిన్న కీ తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. "పారేసుకుంటవ్, నాకాడ ఉండనియ్. నేను గూడ వస్తున్న."

రేంజిలో పరికరాలు తనిఖీ చేసే కౌంటరు దగ్గర రచన అనే అధికారిణి ఉంది. పిస్టల్ పొడవు చూసింది, బరువు చూసింది, తల ఊపింది. తర్వాత కొక్కెం ఉన్న బరువును ట్రిగ్గర్‌కు తగిలించి మెల్లగా లేపింది. ట్రిగ్గర్ టక్కున జారింది. రెండోసారి లేపింది. జారింది. మూడోసారి కూడా అంతే.

"కంగారేం లేదు" అంది రచన. "స్క్రూ పావు చుట్టు బిగించి తీసుకురామ్మా. కానీ పదకొండింటికి కౌంటర్ క్లోజ్. తర్వాత ఎవరొచ్చినా తీసుకోం."

అప్పుడు టైము తొమ్మిదిన్నర. పని ఒక నిమిషంది. కీర్తిప్రియ తండ్రి వైపు చెయ్యి చాపింది. కైలాసం జేబు మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

"స్క్రూ తిప్పుడంటే ఏంది? నా బాటు తక్కువున్నదని నేనే సంతకం పెట్టినట్టు. నేనియ్య."

"బాపు, పదకొండుకు బంద్ చేస్తరు."

"చెయ్యనీ. ముందు వాళ్ల తూకం సరిగున్నదో లేదో తేలాలె."

కీర్తిప్రియ వరసలో ఉన్న ముగ్గురిని అడిగి మూడు కీలు తెచ్చింది. పిస్టల్ పాత రకం, దాని స్క్రూ తల వేరు. మూడింటిలో ఒక్కటీ పట్టలేదు. కోచ్ అప్పటికే జూనియర్లతో లోపల ఉన్నాడు. పోటీ మొదలైన ఆ హాల్లోకి వెళ్లడానికి లేదు, ఫోన్ చెయ్యడానికీ లేదు. ఆమె బల్ల మీద కూర్చుని గోడ గడియారం చూస్తూ, కుడి చేతిని ఒళ్లో వదులుగా పెట్టుకుంది. చెయ్యి వణకకుండా ఉండాలంటే ముందు కోపం రాకూడదు.

కైలాసం ఇంటికి ఫోన్ చేశాడు. "సుశీలా! ఈడ నా అద్దకిలో తక్కువని పట్టుకున్నరు. పిస్టల్ గుంజుకున్నరు. మా బాపు బాటు తీస్కొని జల్ది రా!"

సుశీలమ్మ అప్పుడు దుకాణంలో మున్నీకి శనగపప్పు కడుతోంది. చేతులు ఖాళీ లేక ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. మున్నీ లాడ్ బజార్‌లో లక్కగాజులు చేస్తుంది. మాట చెవిన పడితే కాలు ఒకచోట నిలవని మనిషి. ఎదురు దుకాణం మెట్ల మీద రామ్‌చందర్ నిలబడి ఉన్నాడు. కైలాసానికి ఎదురుగా పదిహేనేళ్లుగా పప్పులే అమ్ముతున్నాడు. అతని చెవి మామూలుగానే ఇటువైపు ఉంటుంది.

ఫోన్ పెట్టేసిన అయిదు నిమిషాలకు సందు చివర పాన్ డబ్బా దగ్గర, "తక్కువ తూచిండని కైలాసాన్ని పట్టుకున్నరట" అన్నారు. పది నిమిషాలకు చార్మినార్ దగ్గర, "పట్టుకోవోతే పిస్టల్ తీసిండట" అన్నారు. సుశీలమ్మ బాటును తువ్వాలులో చుట్టుకుని ఆటో ఎక్కేసరికి, "పాపం, ఎంతమందికి తాకిందక్కా?" అని ఒకావిడ ఆటోలోకి తల పెట్టి అడిగింది.

"ఎవ్వరికి తాకలే. తూకం లొల్లి" అంది సుశీలమ్మ.

"తూకం లొల్లి అయితె నేను గూడ వస్త" అని మున్నీ పక్కన కూర్చుంది. "రోజు ఈడనే కొంట. తక్కువైతె నాకు తెల్వొద్దా?"

రామ్‌చందర్ దుకాణం షటరు దించేశాడు. ఒక చేతిసంచిలో తన అరకిలో బాటు వేసుకుని డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాడు. "అన్న ఆపదల ఉన్నడు వదినా. మంచి బాటు ఎట్లుంటదో వాళ్లకు చూపించనీకి ఒకటి ఉండాలె గద."

రేంజి గేటు దగ్గర కాపలా మనిషి సంచులు ఎత్తి చూసి బరువుకు ఉలిక్కిపడ్డాడు. "షాట్‌పుట్‌కు ఈడ గాదమ్మా. అవుతల గేటు."

"షాట్‌పుట్ గాదు, అద్దకిలో" అంది సుశీలమ్మ.

అతనికి అది అర్థం కావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. వాళ్లు కౌంటరు చేరేసరికి పది నలభై అయింది. వరస మొత్తం అటే తిరిగి చూస్తోంది.

"మేడమ్, ఇగో, నిజమైన అద్దకిలో!" కైలాసం తువ్వాలు విప్పి బాటును బల్ల మీద పెట్టాడు. "మీ కొక్కెం బాటు ఎవరు తూచిండ్రో నాకు జెప్పండి."

"సార్, దానికి సర్టిఫికెట్ ఉంది" అంది రచన. తన బరువును బల్ల మీది కాంటాపై పెట్టింది. అంకెలు అయిదు వందల దగ్గర నిలబడ్డాయి.

"కరెంటు కాంట! కరెంటు కాంటను నేను నమ్మ!"

అప్పుడు కీర్తిప్రియ లేచి వచ్చి తండ్రికీ బల్లకూ మధ్య నిలబడింది.

"బాపు. నీ బాటు ఆ కాంట మీద పెట్టు. అది గూడ అయిదు వందలే చూపిస్తె నువ్వు గెలిచినట్టు, మేడమ్ నన్ను లోపలికి పంపుతది. తక్కువ చూపిస్తె కీ ఇయ్యి. రెండిట్ల ఏదైనా నేను లోపలికి పోవాలె. ఇంక పద్దెనిమిది నిమిషాలే ఉన్నయి."

కూతురు ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం కైలాసం అంతకు ముందు వినలేదు. సుశీలమ్మ చూస్తోంది, మున్నీ చూస్తోంది, అన్నిటికంటే ముఖ్యంగా రామ్‌చందర్ చూస్తున్నాడు. కైలాసం బాటును రెండు చేతులతో ఎత్తి, పసిపిల్లను ఉయ్యాలలో వేసినట్టు కాంటా మీద పెట్టాడు.

నాలుగు వందల ఎనభై ఎనిమిది.

రచన బాటును తిరగేసింది. అడుగున చిటికెన వేలు దూరేంత గుంట ఖాళీగా ఉంది. "బరువు సరిచేసి ముద్ర వెయ్యడానికి ఇక్కడ సీసం పోస్తారు సార్. మీది ఎప్పుడో ఊడిపోయింది."

కైలాసం ఆ గుంటను, ఊడిన తన పన్నును చూసుకున్నట్టు చూశాడు. "ఎప్పుడు ఊడింది?" అన్నాడు సన్నగా.

రామ్‌చందర్ గొంతు సవరించుకున్నాడు. "ఫికర్ చెయ్యకన్నా. ఎవలకైనా అయితది. కాకపోతె, బాటును కన్నపిల్ల లెక్క చూస్కోవాలె." సంచిలోంచి తన బాటు తీసి, పది మందికీ కనపడేలా పైకెత్తి, కాంటా మీద టప్పుమని పెట్టాడు.

నాలుగు వందల డెబ్బై మూడు.

"కాంట ఖరాబైంది!" అన్నాడు రామ్‌చందర్ వెంటనే.

రచన దాన్ని కూడా తిరగేసింది. అడుగున గుంట కనపడలేదు. దాని చోట నున్నగా, ఎర్రగా ఏదో నింపి ఉంది. మధ్యలో ఒక అద్దంపెంకు తళుక్కుమంది.

మున్నీ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. "అరె, ఇది నా లక్క! ఈ రంగు లాడ్ బజార్‌ల నేనొక్కదాన్నే చేస్త. డబ్బ మూత అతికించుకుంటనని నాకాడ గింత అడుక్కొని పోలే సేటూ?" జడలోంచి పిన్ను తీసి గుచ్చింది. లక్కముద్ద ఊడి బల్ల మీద పడింది. దాని వెనక గుంట సీసానికి చేసింది కాదు. తొలిచి తొలిచి బొటనవేలంత లోతు చేశారు.

"అది... కొన్నప్పుడే గట్లున్నది" అన్నాడు రామ్‌చందర్.

"కొన్నప్పుడే నా లక్క ఉన్నదా? షాపు ముంగటికి రా, మాట్లాడుదం" అంది మున్నీ.

కైలాసం ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. భుజాలు లేచాయి. "రామ్‌చందర్! నాది ఊడిపోయింది. నీది ఊడదీసినవ్!" అని వరసంతా వినపడేలా అన్నాడు. "మేడమ్, రాసుకోండి. నాది పన్నెండు గ్రాములే తక్కువ. గాయనది ఇర్వై ఏడు!"

"సార్, నేను అవన్నీ రాసుకోను" అంది రచన. "మీ అమ్మాయి పేరొక్కటే రాసుకోవాలి. ఏడు నిమిషాలుంది."

కైలాసం అప్పుడే గుర్తొచ్చినట్టు జేబులో చెయ్యి పెట్టి కీ తీశాడు. కూతురి అరచేతిలో పెట్టాడు. "తిప్పు బిడ్డా. ఎంతనంటె అంత తిప్పు."

కీర్తిప్రియ పావు చుట్టు తిప్పింది. ఒక క్షణం ఆలోచించి, ఇంకో వెంట్రుకవాసి తిప్పింది. రచన కొక్కెం తగిలించి లేపింది. బరువు గాలిలో నిలబడింది. ట్రిగ్గర్ కదల్లేదు. పిస్టల్ మీద చిన్న స్టిక్కరు అంటించేసరికి గడియారంలో పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ.

గాజు అద్దం వెనక కుర్చీల్లో కూర్చుని ముగ్గురూ పోటీ చూశారు. రామ్‌చందర్ అప్పటికే వేరే ఆటోలో వెళ్లిపోయాడు. కీర్తిప్రియ చెయ్యి లేపేది, ఆగేది, నచ్చకపోతే కాల్చకుండానే దించేది, మళ్లీ లేపేది. "దించుతదేంది? కాలుస్త లేదేంది?" అని కైలాసం ప్రతిసారీ అడిగాడు. "నీ లెక్క తొందరపడే పిల్ల గాదు" అని సుశీలమ్మ ప్రతిసారీ చెప్పింది. అరవై గుళ్లూ అయ్యాక బోర్డు మీద అంకెలు వచ్చాయి. అర్హతకు కావలసినదానికన్నా మూడు పాయింట్లు ఎక్కువే పడ్డాయి.

కీర్తిప్రియ పెట్టె మూసుకుని బయటికి వచ్చింది. "వచ్చింది బాపు" అంది.

"చూసిన." కైలాసం పెట్టె అందుకుని, పక్కనున్న రచన వైపు తిరిగాడు. "చూసిన్రా మేడమ్? మూడు పాయింట్లు కొసరు గూడ ఏసింది."

మరునాడు ఆ సందులోని తొమ్మిది పప్పుల దుకాణాలూ గంట ఆలస్యంగా తెరుచుకున్నాయి. అన్నిటిలోనూ కొత్త బాట్లు ఉన్నాయి, ఎందుకని మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు.