కుందేలు నిద్రకి సాక్షి సంతకం

ఒక పెద్ద అడవిలో, అడవికి తగ్గట్టే ఒక పెద్ద ఆఫీసు ఉండేది. ఆఫీసరు ఏనుగు. మనసు వెన్న. ఒక్కటే అలవాటు, రాత్రి భోజనం అయ్యాకే దానికి పనులు గుర్తొచ్చేవి. వెంటనే అడవి అదిరేలా ఘీంకరించేది.

"కుందేలమ్మా! చెరువు ఫైలు ఎక్కడిదాకా వచ్చింది? తొందరేం లేదు, ఊరికే అడిగా!"

ఊరికే అడిగిన ఆ మాటకి గుమాస్తా కుందేలుకి తెల్లారేదాకా కంటి మీద కునుకుండేది కాదు. కుందేలు కళ్లు ఎర్రగానే ఉంటాయి కదా అని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఓ రోజు, ఎవరూ ఏమీ అనకుండానే, ఫైలు మీద తల పెట్టి భోరుమంది.

ఏనుగు కరిగిపోయింది. "పాపం, మనవాళ్లకి నిద్ర చాలట్లేదు. ఏదో ఒకటి చెయ్యవోయ్!"

మేనేజరు నక్క ఇలాంటి మాట కోసమే కాచుక్కూర్చుంటుంది. సాయంత్రానికల్లా 'హాయి నిద్ర పథకం' తయారు. రోజూ అందరూ ఫారం నింపాలి. ఎన్నింటికి పడుకున్నారు, ఏం కల వచ్చింది, నిద్రపోతుండగా చూసిన సాక్షి సంతకం. సాక్షి గుడ్లగూబ.

గుడ్లగూబ నిజాయితీ గల ఉద్యోగి. బొరియ బొరియకీ ఆగి "నిద్రపోయారా?" అని గట్టిగా అడిగేది. "ఆఁ" అంటే మెలకువగా ఉన్నట్టు రాసుకునేది. పలక్కపోతే ఇంట్లో లేనట్టు రాసుకునేది.

నెల తిరిగేసరికి కుందేలుకి నోటీసు వచ్చింది. పది రోజుల్లో నిద్రపోకపోతే మొసళ్ల మడుగుకి బదిలీ. అక్కడికి వెళ్లిన కుందేలు ఏదీ ఇంతవరకూ పెన్షన్ తీసుకోలేదు.

కుందేలు ధైర్యం చేసి, ఫారంలో 'నిద్ర పట్టకపోవడానికి కారణం' అన్నచోట 'సార్ ఘీంకారం' అని రాసింది.

నక్క కళ్లజోడు సవరించుకుంది. "ఇక్కడ నీలో ఉన్న లోపం రాయాలి తల్లీ. ఉదాహరణకి, చెవులు పొడుగు."

కొట్టేసి అదే రాసింది కుందేలు. అయినా పదకొండో రోజున ఆర్డరు చేతికొచ్చింది. ఏనుగు స్వయంగా దండ వేసి, "అక్కడైనా బాగా నిద్రపో అమ్మా" అంది కళ్లు తుడుచుకుంటూ.

మడుగు ఒడ్డున కుందేలు ముడుచుకుని కూర్చుంది. పెద్ద మొసలి ఒక కన్ను తెరిచింది.

"త... తింటారా అండీ?"

"పొద్దు గుంకాక మేం ఏ పనీ పెట్టుకోం. తినడం కూడా పనే కదా. పడుకో."

"మరి పొద్దున్న?"

"పొద్దున్నే ఎవరు మొదలెడతారు? ముందు ఎండ కాగాలి."

అంత భయంలోనూ కుందేలు చెవులు రిక్కించింది. ఘీంకారం లేదు. ఏనుగు గొంతు అంత దూరం రాదు. కుందేలు మొసలి తోక మీదే తల పెట్టి పడుకుంది. సాక్షిగా ఎగిరొచ్చిన గుడ్లగూబ మూడుసార్లు అడిగినా గురక తప్ప జవాబు లేదు. పథకం మొత్తానికి మొదటి సంతకం అదే.

మర్నాడు ఎండకి చేరిన మొసళ్లు, మధ్యాహ్నమైనా లేవని కుందేల్ని చూసి, "ఇది మనలోదే" అనుకుని కాస్త జరిగి చోటిచ్చాయి.

వారం తిరిగేసరికి ఏనుగు బల్ల మీద దరఖాస్తుల గుట్ట. అందరికీ మొసళ్ల మడుగే కావాలి. అన్నిటికన్నా పైన ఉన్నది నక్కది.

ఏనుగు చాలా నొచ్చుకుంది. ఆ రాత్రి భోజనం అయ్యాక ఆ సంగతి గుర్తొచ్చి ఘీంకరించింది.

"ఎందుకు వెళ్లిపోతున్నారర్రా? తొందరేం లేదు, ఊరికే అడిగా!"

నీతి: మొసళ్ల మధ్యనైనా నిద్ర పడుతుంది గానీ, మన నిద్ర గురించి బెంగపెట్టుకున్న ఆఫీసరు దగ్గర పట్టదు.