కండక్టర్ సంచిలో పట్టే క్యాసెట్టు

1988, జూన్ మొదటి వారం. కట్టంగూర్ పశువుల దవాఖాన కాంపౌండర్ రామచంద్రయ్య ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడు గంటల బస్సులో నల్గొండ నుంచి వీడియో క్యాసెట్టు వస్తుంది. వీడియో షాపు అబ్దుల్ హమీద్ టీవీ, వీసీఆర్ తెస్తాడు. మధ్యాహ్నం మూడు గంటలకు పంచాయతీ ఆఫీసులో గొర్రెల కాపరులకు ఆ బొమ్మ చూపిస్తే, చిటుక రోగం రాకుండా వేసే టీకా అంటే వాళ్లకున్న భయం పోతుంది. ఇందులో తప్పు జరగడానికి జాగా ఎక్కడుందో మీరే చెప్పండి.

ఆ భయం పోవడం కాపరులకన్నా రామచంద్రయ్యకే ఎక్కువ అవసరం. సూది అన్న మాట వింటే చాలు, వాళ్లు మందల్ని గుట్టల్లోకి తోలుకుపోతున్నారు. పోయిన నెల వచ్చిన డీడీ గారు, అంటే కాంపౌండర్ల తలరాతలు రాసే జిల్లా ఆఫీసరు, "ఈసారి కూడా మందలు రాకపోతే నిన్ను మహబూబ్‌నగర్ జిల్లాకు పంపమని రాసేస్తాను" అని చెప్పి మరీ జీపెక్కారు. తొమ్మిదేళ్లలో ఏడు బదిలీలు చూసిన మనిషి రామచంద్రయ్య. ఇక ఈ ఊరే ఖాయమనుకుని ఆయన భార్య రామమ్మ, సామాన్లు సర్దే పెద్ద చెక్కపెట్టెను కోళ్లగూడు చేసేసింది.

"మళ్ల బదిలీ అంటే నేను రాను. నువ్వు, నీ సూదులు పోండ్రి. నేను, నా కోళ్లు ఈడనే ఉంటం" అని ఆ పొద్దున కూడా చెప్పింది. రామమ్మ ఉత్తమాటలు చెప్పే మనిషి కాదు.

క్యాసెట్టు వేళకే వచ్చింది. హమీద్ దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, పెదవి విరిచాడు.

"అన్నా, గిది బీటా. నా డబ్బా వీహెచ్ఎస్. గిది దాన్ల ఆడది."

"గదేంది భాయ్! క్యాసెట్ల గూడ రకాలుంటయా?"

"ఎందుకుండయి? పెద్దదొకటి, చిన్నదొకటి. ఏది పంపాల్నని వాళ్లు నిన్ను అడగలేదా?"

అడిగారు. అదే కదా గోస! నిన్న నల్గొండ ఆఫీసు గుమాస్తా ఫోన్ చేసి "పెద్దదా, చిన్నదా" అని అడిగితే, సంతలో కోడిగుడ్లు ఏరినట్టు "చిన్నదే పంపండ్రి, కండక్టర్ సంచిల పడతది" అన్నది ఈ రామచంద్రయ్యే. పెద్ద క్యాసెట్టు అప్పటికే ఇంకెవరో తీసుకుని మిర్యాలగూడ వెళ్లిపోయారు.

"బీటా డబ్బా ఏడ దొరుకుతది? జర సోంచాయించు భాయ్, నా కొలువు సంగతి."

"చిట్యాలల మా చిన్నమ్మ గులాబ్‌బీ ఖాలా ఇంట్ల ఉన్నది. కొడుకు సౌదీల దమామ్ నుంచి తెచ్చిండు. కానీ ఆమె దాన్ని ఇల్లు కదలనియ్యది. మనమే నా డబ్బా పట్కపోయి, తీగ పెట్టి దాన్లది దీన్లకు దించుకుందాం. గంట పని."

ఆ గంట పని కోసం ఇద్దరూ పది గంటల బస్సెక్కారు. వీసీఆర్‌ను బాలింత బిడ్డను పట్టుకున్నట్టు రామచంద్రయ్య ఒళ్లో పెట్టుకున్నాడు. హమీద్ భుజాన పెళ్లిళ్లు తీసే వీడియో కెమెరా సంచి ఉంది. అది లేనిదే అతను పాలకు కూడా బయటికి పోడు, దారిలో ఏ పెళ్లి తగులుతుందోనని.

గులాబ్‌బీకి అరవై దాటాయి. పన్నెండు మేకలు, వంటింట్లో కోడలు జాహేదా, ముందుగదిలో టీవీ, పూలు కుట్టిన గుడ్డ కప్పిన బీటా వీసీఆర్, ఇదీ ఆమె సంసారం. సంగతి విని ఆమె గుడ్డ తీసింది.

"ఆడిపిచ్చుకోండ్రి బేటా. కానీ నా కొడుకు సామాను గడప దాటది."

హమీద్ తీగ తీశాడు. దాని మూతి లావు, బీటా డబ్బా బొక్క సన్నం. ఊదాడు, చెక్కాడు, సూదితో కెలికాడు. అరగంటకు చెమటలు కక్కుతూ కూలబడ్డాడు. గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఒంటిగంట బస్సు తప్పితే మూడింటికి కట్టంగూర్ చేరే దారే లేదు.

"ఇగ ఒక్కటే ఉపాయం అన్నా. టీవీల బొమ్మ ఆడనియ్. ఎదురుంగ కెమెరా పెట్టి మొత్తం గుంజుత. కెమెరా క్యాసెట్టు నా డబ్బాల ఆడతది."

"గట్ల ఎవరన్న చేస్తరా?"

"ఎవ్వరు చెయ్యరు. చేస్తె ఏమైతది?"

ఆ ప్రశ్నకు జవాబు మూడు గంటల తరవాత తెలిసింది. అప్పటికైతే కెమెరా నిలబెట్టారు, బొమ్మ మొదలైంది. తెరమీద గొర్రెలు, వెనక ఎవరో దొర నిద్రలో కలవరిస్తున్నట్టు ఇంగ్లీషు. గులాబ్‌బీ టీవీ పక్కనే పీట వేసుకుంది.

"గా సూది ఏడ పొడుస్తుండు డాక్టర్ సాబ్?"

"తోలు కింద, ఖాలా. కండకు గాదు. జర సప్పుడు చెయ్యకు."

"సూడి మేకకు ఏస్తె కడుపుల పిల్ల పోయి ఈసుకపోతదంట గదా?"

"అయ్యో ఈసుకపోదు ఖాలా! ఎన్నిసార్లు చెప్పాలె మీకు! ఉరికిచ్చి, కాళ్లు గుంజి, కింద పడేస్తె ఈసుకపోతది. మెల్లగ పట్టుకొని ఏస్తె ఏంగాదు. సూది తప్పు గాదు, పట్టేటోని తప్పు!"

"వానలకు ముందే ఎందుకు?"

"వాన పడ్డంక కొత్త గడ్డి కడుపునిండ మేస్తయి. అప్పుడే చిటుక రోగం. పొద్దున ఎగిరిన పిల్ల పొద్దుగూకేసరికి ఉండది. ఇంకేమన్న ఉన్నదా అడిగేది?"

ఉంది. ఇరవై నిమిషాలు అడుగుతూనే ఉంది. రామచంద్రయ్యకు తిక్క నెత్తికెక్కింది. ఆఖరికి హమీద్ వైపు తిరిగి, గుండెల్లో ఉన్నదంతా కక్కేశాడు. "ఇదంత గా డీడీ చేసిన పరేషాన్! జీపు దిగకుండ గొర్రెను చూసి మేక అన్న మనిషి, నాకు బదిలీ రాస్తడట!" నోరు తెరిచాడో లేదో వంటింట్లో కుక్కర్ కూత మొదలైంది. ఆయన దాన్ని మించి అరిచాడు, అది ఆయన్ను మించి కూసింది. నాలుగు కూతలయ్యేసరికి బొమ్మా అయిపోయింది, హమీద్ కెమెరా ఆపాడు.

"జర ఆపరాదమ్మా గా కుక్కర్‌ను!" అన్నాడు రామచంద్రయ్య.

"నాలుగు కూతలు రాకుంటె మాంసం ఉడకదన్నా" అంది జాహేదా లోపలి నుంచి.

తీసింది సరిచూసుకునే తీరిక లేదు. బస్సు దొరికింది, అంతే చాలనుకున్నారు. మూడింటికి పంచాయతీ ఆఫీసు నిండిపోయింది. యాభైమంది కాపరులు కింద కూర్చున్నారు, ముందు వరసలో పెద్దమనిషి మల్లన్న, ఆయన పక్కన బీరమ్మ. కుర్చీలో, ఈసారి సంగతి తేల్చడానికి వచ్చిన డీడీ గారు. హమీద్ మీట నొక్కాడు. తెరమీద గొర్రెలొచ్చాయి, వాటి మీదుగా ఒక నల్ల గీత కింది నుంచి పైకి పాకింది.

"గా నల్లది ఏందయ్యా, రోగమా?" అన్నాడు మల్లన్న.

రామచంద్రయ్య జవాబు చెప్పేలోపే టీవీ మాట్లాడింది. "గా సూది ఏడ పొడుస్తుండు డాక్టర్ సాబ్?"

రామచంద్రయ్య చప్పున వంగి హమీద్ చెవిలో గొణిగాడు. "మన మాటలెట్ల ఎక్కినయి భాయ్?"

"కెమెరాకు మైకుంటది గదన్నా. పెండ్లి క్యాసెట్ల మీద ఎట్లాగూ పాటలేస్త. అందుకే దాని ముచ్చట నాకు యాదికుండది."

యాదికి ఉండదట! నెత్తిన పిడుగు పడబోతుంటే అతను చల్లగా అన్న మాట ఇది. డీడీని తిట్టిన తిట్టు బొమ్మ ఆఖర్న ఉంది. ఆ గొంతు తనది, ఆ డీడీ తన ముందున్న కుర్చీలో ఉన్నాడు. రామచంద్రయ్య మెల్లగా పాక్కుంటూ పోయి టీవీ గొంతు తగ్గించాడు.

"ఏయ్ కంపౌండరూ, పెంచు!" అని బీరమ్మ లేచింది. "ఇన్ని దినాలకు తెలిసేటట్టు చెప్తుంటె తగ్గిస్తవా!"

"పెంచవయ్యా" అన్నారు డీడీ గారు.

పెంచాడు. తన బదిలీ తనే పెద్ద గొంతుతో చదువుతున్నట్టు పెంచాడు. సూడి గొర్రెల మాట వచ్చినప్పుడు కాపరులు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. కొత్త గడ్డి మాట వచ్చింది. "ఇంకేమన్న ఉన్నదా అడిగేది?" అన్న తన గొంతు విని రామచంద్రయ్య కళ్లు మూసుకుని ఇలవేల్పును తలుచుకున్నాడు. కోళ్లగూడు, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ రామమ్మ కళ్లముందు మెదిలారు.

"ఇదంత గా..." అంది టీవీ. ఆపైన కుయ్యిమని కుక్కర్ కూసింది. ఒకటి కాదు, నాలుగు కూతలు. వాటి వెనక ఎవరో ఏదో అరుస్తున్నారని తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. బొమ్మ అయిపోయింది. జాహేదాకు, ఆమె వండిన మాంసానికి రామచంద్రయ్య మనసులోనే దండం పెట్టాడు.

మల్లన్న లేచాడు. "పట్టేటోని తప్పని ముందుగాల చెప్తె అయిపోవు గద కంపౌండరూ. రేపు పొద్దుగాల మందను తోల్కొస్త. సూడి గొర్లకు గూడ ఎయ్యి."

డీడీ గారు రామచంద్రయ్య భుజం తట్టారు.

"ఇంగ్లీషు సినిమాకు ఇంత చక్కటి తెలుగు వ్యాఖ్యానం! ఆ ముసలమ్మ చేత సందేహాలు అడిగించడం అద్భుతం. చివర్లో సూదులు ఉడకబెట్టే చప్పుడు కూడా పెట్టావు చూశావూ, నిజంగా దవాఖానలో ఉన్నట్టే ఉంది!"

"అంత మీ దయ సార్" అన్నాడు రామచంద్రయ్య. అంతకు మించి నోరు తెరవడం మంచిది కాదని ఆ రోజు బాగా తెలిసొచ్చింది.

వారంలో మూడు వేల గొర్రెలకు టీకాలయ్యాయి. రామమ్మ గంపెడు గుడ్లు అమ్మి ఇంకో రెండు కోళ్లు కొన్నది. పదోరోజున డీడీ గారి మెచ్చుకోలు పై ఆఫీసు ఉత్తర్వు రూపంలో వచ్చింది. ఇలాంటి ప్రతిభ ఒక్క ఊరికే పరిమితం కాకూడదనీ, పొరుగు జిల్లాలోని ప్రతి మండలానికీ ఒక్కో క్యాసెట్టు అతని గొంతుతోనే తయారు చేసేందుకు రామచంద్రయ్యను వెంటనే మహబూబ్‌నగర్‌కు బదిలీ చేశామనీ అందులో ఉంది.

అది విన్న రామమ్మ మళ్లీ సామాన్లు సర్దడానికే లేచింది. వాకిట్లోకి పోయి, చెక్కపెట్టె తలుపు తీసి, కోళ్లను ఒక్కొక్కటే బయటికి తోలింది.

ఉత్తర్వు కింద, ఆయనకు ఇచ్చే సామాన్ల జాబితాలో టీవీ, రెండు రకాల వీసీఆర్‌లు, కెమెరా, పది ఖాళీ క్యాసెట్లు ఉన్నాయి, కుక్కర్ లేదు.