ఉప్పెన ఏ వైపు నుంచి వచ్చింది?

చరిత్ర పుస్తకాలను పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేయాలి. సరదాకు అనడం లేదు. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూలు ఆ పని మొదలుపెట్టింది. అక్కడ సోషల్ పీరియడ్‌లో ఇప్పుడు పుస్తకం తెరవరు, ప్రొజెక్టర్ వేస్తారు. పిల్లలు చూసింది రాస్తారు. ఇంత తేలిక ఉపాయం ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదు?

దీని వెనక ఒక ట్రైనింగ్ ఉంది. ఏదైనా జరిగినప్పుడు అక్కడ ఉన్నవాళ్ళు చెప్పింది, పాడింది, గీసింది ప్రాథమిక ఆధారం అవుతుందని, కాబట్టి సంగీతం, సినిమా, చిత్రకళలను కూడా పాఠంలో వాడుకోవచ్చని టీచర్లకు చెప్పారట. భోజనాల తర్వాతి సెషన్ అది. సంగీతం, సినిమా, చిత్రకళ అన్న మూడు మాటల దగ్గర అందరూ మేలుకుని ఉన్నారు. మిగతాది నిద్రలో పోయింది.

ఫలితాలు చూడండి. ఒక సినిమాలో యుద్ధం మధ్యలో రాజు, రాణి మంచుకొండల మీదికి వెళ్ళి పాట పాడి వచ్చారు. అంతసేపూ శత్రు సైన్యం కత్తులు దించి నిలబడింది. 'దీన్నిబట్టి పూర్వం శత్రువులకు సంస్కారం ఉండేదని తెలుస్తున్నది' అని ఒక విద్యార్థి రాశాడు. నాలుగుకు నాలుగు మార్కులు!

బాపట్లలో మరో స్కూలు చిత్రకళను తీసుకుంది. గోడకు స్వీటు షాపు క్యాలెండర్ తగిలించి, అందులోని రాజు గురించి ఐదు వాక్యాలు రాయమన్నారు. ఒకమ్మాయి ఐదో వాక్యంగా రాజుగారి ఫోన్ నంబరు రాసింది. పది అంకెలూ సరిగానే ఉన్నాయి. ఇంత కచ్చితమైన సమాచారం ఏ శాసనంలో దొరుకుతుంది?

అందరూ ఇలా ఉండరు. తెనాలి స్కూల్లోనే ఎనిమిదో తరగతిలో మనీషా అని ఒక అమ్మాయి ఉంది. 1977 ఉప్పెన మీద క్లాసుకు ఒక సినిమా చూపించి ప్రాజెక్టు రాయమన్నారు. పది మార్కులు. ఈ అమ్మాయి సినిమా వదిలేసి, నాయనమ్మ పాడే పాట రాసుకొచ్చింది. నాయనమ్మ సారమ్మది రేపల్లె అవతల పల్లె. ఆ పాట అక్కడ నాట్లప్పుడు ఆడవాళ్ళు పాడతారు.

సంద్రం కేసి సూత్తన్నావు చెల్లీ,
ఎనకాల కాలవొచ్చె చెల్లీ.

నీళ్ళు సముద్రం నుంచి నేరుగా రాలేదు, మురుగుకాలవలోకి ఎగదన్ని ఇళ్ళ వెనక నుంచి వచ్చాయి అని మనీషా కింద వివరణ రాసింది. సోషల్ సార్ చిట్టిబాబు గారు పిలిచారు. ఆ తర్వాత జరిగిన మాటలు అమ్మాయి చెప్పింది, సార్ కాదనలేదు.

"లింకు ఏదమ్మా?"

"లింకు లేదు సార్. మా నాయనమ్మ పాడింది."

"మ్యూజిక్ డైరెక్టర్ ఎవరు?"

"ఎవరూ లేరు సార్. అందరూ పాడతారంట."

"అందరూ పాడితే అది సోర్సు ఎట్లా అవుద్ది? సినిమాలో నీళ్ళు ఎటు నుంచి వచ్చినయ్? ఎదురుగా, సముద్రం నుంచి. మనం నలభై మందిమి చూశాం. మీ నాయనమ్మ ఒక్కతే చూసింది."

నలభై ఎక్కువా, ఒకటి ఎక్కువా? లెక్కల సార్‌ను అడిగినా అదే చెబుతారు! సోమవారానికి దిద్ది తెస్తే పదికి పది, లేకపోతే సున్నా అని తేల్చారు. సున్నా వస్తే అమ్మాయి 'ఏ' సెక్షన్ నుంచి 'సీ' సెక్షన్‌కు పోతుంది.

ఆదివారం నేను రేపల్లె ప్యాసింజర్ ఎక్కి ఆ ఊరు వెళ్ళాను. సారమ్మ చర్చి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. వయసు అరవై మూడు. ఉప్పెన నాటికి పదిహేను. చెల్లెలికి తొమ్మిది. మనవరాలు అప్పటికే పక్కన నోటుపుస్తకంతో సిద్ధంగా ఉంది.

"నాయనమ్మా, 'ఎనకాల' తీసేసి 'ఎదురుగా' అని పాడవా? ఒక్క మాటే."

"ఎందుకే?"

"సార్ అట్లా ఉండాలన్నారు."

"మీ సారుది ఏ ఊరు?"

"తెనాలే."

సారమ్మ చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

"ఎదురుగా వస్తే మా చెల్లి చూసేది కదే. చూస్తే నా చెయ్యి పట్టుకునేది."

మనీషా నోటుపుస్తకంలో 'ఎనకాల' మీద వేలు పెట్టింది. తర్వాత రబ్బరు తీసింది.

సోమవారం పదికి పది వచ్చాయి. పాట పక్కన సార్ ఎర్ర సిరాతో 'ఇప్పుడు ఆధారంతో సరిపోయింది' అని రాశారు. ఆ పేజీ నేను చూశాను.

సారమ్మ నలభై ఎనిమిదేళ్ళుగా పాడుతున్న తప్పును సినిమా ఒక్క ఆదివారంలో దిద్దేసింది. పుస్తకాలతో అయ్యే పనేనా ఇది?