పూర్ణచంద్రరావుగారి సగం ధర

రెండువేల ఎనిమిది జనవరిలో బాపట్ల వాస్తవ్యులు పూర్ణచంద్రరావుగారు వేల్యూ ఇన్వెస్టరు అయ్యారు. ఊళ్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రిటైరైన మనిషి ఏదో ఒకటి కాక తప్పదు కదా!

తెనాలిలో జరిగిన ఉచిత సదస్సు ఆయన కళ్లు తెరిపించింది. "కంపెనీ అసలు విలువ కట్టండి. అంతకన్నా తక్కువకు దొరికితేనే కొనండి. ఆపైన ఓపిక పట్టండి," అన్నాడు టై కట్టుకున్న వక్త. విలువ ఎలా కట్టాలో చెప్పబోయేంతలో ఉప్మా వచ్చింది. మిగతా ప్రసంగం ఎవరికీ వినపడలేదు.

రావుగారికి అదొక లోటనిపించలేదు. సూర్యలంక చేపల నుంచి తెనాలి గిన్నెల దాకా ఆయన అన్నిటికీ విలువ కట్టినవారే. అమ్మేవాళ్లు చెప్పినదాంట్లో సగం, అదే అసలు విలువ. ఇవ్వం అంటే వెనుదిరిగి నెమ్మదిగా నడవాలి, వాళ్లే పిలుస్తారు.

పెట్టుబడి ఇంట్లోనే ఉంది. పెంకులు కారుతున్నాయి, స్లాబు వేయిద్దామని భార్య కుసుమకుమారి పోరి పోరి దాయించిన డబ్బు.

తెనాలి షేర్ల ఆఫీసులో కంప్యూటరు ముందున్న ఫరూక్ ఒక షేరు ధర వంద అన్నాడు.

"యాభైకి ఇవ్వబ్బాయ్."

"ఇక్కడ బేరాల్లేవండి బాబాయ్‌గారూ. ధర బొంబాయి నుంచి వస్తుందండి."

"అయితే ఆ బొంబాయికే చెప్పు!"

రావుగారు మెట్లు దిగారు. పిలుస్తారేమోనని కింద టీ బడ్డీ దగ్గర కాస్త ఆలస్యం కూడా చేశారు. ఎవరూ పిలవలేదు. బొంబాయివాళ్లకు బొత్తిగా వ్యాపారం తెలియదని జాలిపడి రైలెక్కారు.

అంతలో మార్కెట్టు కూలింది. దేశమంతా గుండెలు బాదుకుంటుండగా ఆ షేరు యాభైకి దిగింది. "చూశావా, పిలిచారు!" అంటూ ఫరూక్ దగ్గర స్లాబు డబ్బంతా పెట్టి కొనేశారు. చేపకు మొప్పలెత్తి చూడనిదే కదలని మనిషి, ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందో మాత్రం అడగలేదు. సగానికొచ్చింది, ఇంకేం కావాలి?

బొంబాయి మెడలు వంచిన మహనీయుడికి రేపల్లె సన్మాన సంఘంవారు శాలువా కప్పారు. "సోదరులారా! మార్కెట్టుకు వెన్ను చూపండి. అదే వెంటపడుతుంది," అని ఆయన సందేశమిచ్చారు. చప్పట్లు మారుమోగాయి.

అక్టోబరు వానల నాటికి షేరు పన్నెండుకొచ్చింది. ఇంట్లో మంచం మూల మార్చడానికి పొడి మూల మిగల్లేదు.

"ఓపిక పట్టాలి కుసుమా."

"నేను పడతానండి. పెంకులు పట్టొద్దూ?" అంటూ ఆవిడ కారే చోట ఆ శాలువానే కట్టింది.

ఆవిడ తడిసిన చీర చూసి రావుగారు సిగ్గుతో చచ్చిపోయారు. తన మాట విని ఇంకో కొంప మునగకూడదనుకుని మర్నాడే రేపల్లె వెళ్లారు. శాలువా కప్పినవాళ్లందరినీ హాల్లో కూర్చోబెట్టి, "నాకేమీ తెలియదండి. యాభైకి కొన్నది పన్నెండైంది. నన్ను నమ్మకండి," అని చేతులు జోడించారు.

ముందు వరుసలోంచి సన్మాన సంఘాధ్యక్షుడు సుందరయ్యగారు లేచారు.

"ఏంటండీ? యాభైది పన్నెండుకే ఇస్తున్నారా?"

రావుగారు నోరు తెరిచేలోపు హాలు ఖాళీ అయింది. తెనాలి బస్సులో నిలబడ్డానికి చోటు లేదు. సాయంత్రం దాకా ఫరూక్ అందరికీ ఒకే మాట చెబుతూ కూర్చున్నాడు, ఆరుకు రాదండి, రాదండి అని.

ఇదంతా ఎంతోమందికి చెప్పాను. కుసుమకుమారి ఇంటికి స్లాబు పడిందా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. కంపెనీ పేరేంటని మాత్రం అందరూ అడిగారు. మీరూ అదే అడగబోతున్నారు, కానివ్వండి.