ఐదు రేకుల మహాసంగ్రామము

మేఘదుందుభిధ్వానభీకరమై, ఝంఝామారుతోద్ధూతధూళిపటలమై, ఆరవేసిన బట్టలు తడియునేమోయని సకల గృహిణీజనము పరుగులిడుచుండిన యొకానొక అపరాహ్ణమున, పొదుపుసార్వభౌముడును, వంగిన మేకుల పునరుద్ధారకుడును, పనివానిని పిలువక సర్వము తానే చేయగలనని నమ్మి యిదివరకే మూడుమార్లు భంగపడినవాడును నగు మన రైతు, సుత్తి ధరించి పశువుల కొట్టము ముంగిట నిలిచెను.

కొట్టము రెండు పశువులకే చాలును. మూడవదగు చూడి ఆవు నేడో రేపో ఈనవలసియున్నది. వాన పడునప్పటికి దానికి నీడ కుదరనిచో, తన అన్నగారి కాంక్రీటు కొట్టమునకు తోలింతునని ఇల్లాలు తెగేసి చెప్పెను. సీసాతో పాలుపట్టి పెంచిన ఆవు! దానిని బావగారి గుంజకు కట్టుటయా! పైగా ఆ బావగారి నవ్వొకటి.

కావున పాతగోడనే ఆసరాగా గొని, విరిగిన గేటు గొట్టములను స్తంభములుగా పాతి, తుప్పుపట్టిన రేకులైదింటిని పాత కప్పునకు పొడిగింపుగా బిగించి, ఆవును దాని క్రింద కట్టి, ఆ వీరుడు నిచ్చెనపై నిలిచి ఆకాశమునుద్దేశించి గర్జించెను: "ఓరీ జలధరాధమా! దమ్ముంటే ఇప్పుడు కురియుము!"

వానరాకడ ప్రాణముపోకడ ఎవరికెరుక! జలధరము ఆ సవాలును తక్షణమే స్వీకరించెను.

అంతట బయటపడెను శిల్పరహస్యము. పాత కప్పు అంచు క్రిందికి దూర్చవలసిన పొడిగింపు రేకులను, వంగుటకు నడుము ఒప్పనందున, ఆ మహానుభావుడు పైన పరచియుండెను. కప్పుమీది నీరంతయు ఆ సందున దూరి, గురిచూచినట్లు ఆవు వీపుపై ధారకట్టెను.

గొడుగుతో వచ్చిన ఇల్లాలు ఆ ధారను చూచెను.

"తాగడానికి దానికి తొట్టి ఉందిగా. పైనుంచి కూడా ఎందుకండీ?"

అని, అన్నకు ఫోను చేసెను. పక్కవీధివాడగు బావగారు పలుపు భుజాన వేసికొని, నవ్వుతోసహా, ఇట్టే విచ్చేసెను.

మన వీరునకు తల కొట్టేసినట్లయ్యెను. 'ఆరంభశూరుడా! చిన్నపిల్లలకైనను తెలియునే!' యని తన్ను తానే తిట్టుకొనుచు, మేకులూడబెరికి, నడుము విరిగినను సరేయని వంగి, ఒక్కొక్క రేకును పాత అంచు క్రిందికి దూర్చసాగెను. రెండవది మోచేతిని గీరెను. నాలుగవది గాలికెగిరి బావగారి కాళ్ళముందు పడెను. ఆయన ఒక క్షణము తటపటాయించి, దానిని ఎత్తి అందించెను. కుడితిలో పడిన ఎలుకవలె తడిసిన రైతు, ఊపిరి బిగబట్టి, ఐదవదానిని దూర్చెను.

ధార ఆగెను. ఆవు నేలను వాసన చూచి, ముందుకాళ్ళు మడిచి, పెద్ద నిట్టూర్పుతో పండుకొని, నెమరువేయ మొదలిడెను. బావగారు పలుపు సవరించుకొనెను.

"వద్దులే అన్నయ్యా, లేపకు. పడుకుంది," అనెను ఇల్లాలు.

ఇట్లు నాలుగు మూరల నిడివియు మూడు మూరల వెడల్పును గల పొడినేలను జయించిన ఆ వీరాగ్రేసరుడు, అందు తనకు చోటు చాలనందున వానలోనే నిలిచి, మీసము మెలివేయబోయి, అది తడిసి వ్రేలాడుచుండుటచే మానుకొనెను.