ముందు పక్షం, తర్వాతి పక్షం

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చిన్నదే. టీ తాగుతూ, పెళ్ళాంతో నిన్న సగంలో ఆగిన వాదన గెలవాలి, తర్వాత కొట్టుకెళ్ళి ఎవరిదో పెళ్ళి కోటుకు గుండీలు కుట్టాలి. కోటు ఎలాగూ పూర్తవుతుంది. వాదన మాత్రం పెళ్ళైన కొత్తల్లో మొదలై ఇప్పటిదాకా తెగలేదు.

ప్రభువు వచ్చి విశ్వాసులను మేఘాల్లోకి ఎత్తుకుంటాడన్న దానిలో మొగుడూ పెళ్ళాలిద్దరికీ అనుమానం లేదు. ఎప్పుడన్నదే తగువు. లోకం మీదికి యుద్ధాలూ కరువులూ తెచ్చే శ్రమల కాలం రాకముందే అని ఆమె నమ్మకం. ఆ శ్రమలన్నీ పడ్డాకే అని ఈయన పట్టు. పట్టంటే మామూలు పట్టు కాదు, ఆ రోజులకని అటక నిండా బిస్కెట్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు దాచిపెట్టాడు మహానుభావుడు. "మనం ఉంటే కదండీ వెలిగించుకోవడానికి!" అని ఆమె పకపకా నవ్వేది. చర్చి కూడా ఇలాగే రెండుగా చీలింది. పాస్టరుగారు, ఆయన భార్య, స్త్రీల ప్రార్థన కూటమంతా ముందు పక్షం. తర్వాతి పక్షానికి దిక్కు మన దర్జీ, వరసకు అతనికి బావ అయ్యే సెలూన్ యజమాని.

దర్జీ లేచేసరికి ఇంట్లో అలికిడి లేదు. కిటికీ పక్కన ఆమె రోజూ ప్రార్థన చేసుకునే కుర్చీలో నైటీ కుప్పగా పడి ఉంది. పక్కనే ఉంగరం, చెవిదుద్దులు, జడపిన్నులు. గుమ్మం దగ్గర చెప్పులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పొయ్యి మీద టీ గిన్నె ఇంకా వేడిగా ఉంది. ఫోన్ చేస్తే ఆమె దిండు కిందే మోగింది.

ఎత్తబడేవాళ్ళ ఒంటి మీదివన్నీ ఉన్నచోటే రాలిపోతాయని ఆమె ఎప్పుడూ చెప్పేది. 'ఓరి నాయనో, ఆవిడ చెప్పిందే నిజమా!' అనుకున్నాడు దర్జీ మొదట. ఆ తర్వాత గాని అసలు సంగతి తట్టలేదు. ఆమె వెళ్ళిపోయింది. తను మిగిలిపోయాడు. ఆ కుర్చీ కాళ్ళు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఖాతాదారుల గుడ్డలో నొక్కేసిన ముక్కలన్నీ గుర్తొచ్చాయి. 'ఆ ముక్కల వల్లేనా నన్నాపేశావు, ప్రభువా!'

ఏ మూలో ఆశ చావక పాస్టరుగారింటికి పరుగెత్తాడు. తాళం. ఫోన్ మోగుతోంది, ఎత్తే దిక్కు లేదు. ప్రార్థన కూటం పెద్దమ్మగారింటికీ తాళమే. ఇంక మిగిలింది సెలూన్. లోపల బావ ఒకాయనకు గడ్డం గీస్తున్నాడు.

"బావా! నువ్వున్నావా?"

"ఉండక ఎక్కడికి పోతాను?"

"అదే కదయ్యా నా ఏడుపు!" అంటూ సంగతంతా చెప్పాడు దర్జీ. "వాళ్ళ పక్షమంతా ఎగిరిపోయింది బావా. మన పక్షమే మిగిలింది."

బావ కత్తి పక్కన పడేశాడు. ఖాతాదారుడు సగం గడ్డంతోనే కుర్చీలోంచి దూకాడు. ముగ్గురూ చర్చికి పోయి గంట కొట్టడం మొదలుపెట్టారు. వీధి వీధంతా వచ్చి పడింది. విన్నవాడు విన్నట్టు కూలబడ్డాడు. చర్చి ఫ్యాను ఎత్తుకెళ్ళింది తనేనని ఎలక్ట్రీషియన్ లెంపలేసుకున్నాడు. అత్తగారి ముందు మోకరించి ఓ కోడలు ఏదో చెప్పబోతే, "నాకంతా తెలుసులేవే" అని ఆవిడ ముందే క్షమించేసింది. సగం గడ్డం ఆయన, తనది ఏ పక్షమో ఎవరైనా చెప్పండి బాబూ అని అందరినీ అడుగుతున్నాడు.

అంతలో సందు మలుపులో పాస్టరుగారు రొప్పుకుంటూ కనిపించారు.

"అయ్యో అయ్యగారూ! మీరు కూడా మిగిలిపోయారా!" అని జనం ఘొల్లుమన్నారు.

"ఎవరూ ఎత్తబడలేదు, ముందా గంట ఆపండి! వెనక వీధి ఆసుపత్రిదాకా వినిపిస్తోంది" అన్నారాయన. తర్వాత దర్జీ భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్ళారు. "మీ ఆవిడ అక్కడే ఉంది. స్కానింగ్ తీశారు. ఒంటి మీద లోహం ఉండకూడదంటే అన్నీ ఇంట్లోనే తీసి, చీర మార్చుకుని వచ్చింది. పాదాలు వాచి చెప్పులు పట్టక మా ఆవిడవి తొడుక్కుంది. నీకు చెప్పొద్దని మా అందరి దగ్గరా మాట తీసుకుంది."

"బతికే ఉందిగా?" దర్జీ మొహం వెలిగిపోయింది. "ఎక్కడికీ పోలేదుగా?"

"జబ్బు మందులకు లొంగే దశ దాటిపోయిందట నాయనా" అన్నారు పాస్టరుగారు. "కొన్ని నెలలు, అంతే."

ఎన్నాళ్ళుగానో ఆమె కంచం ముట్టకపోతే ఉపవాస ప్రార్థన అనుకున్నాడు దర్జీ. తన మనసు మార్చడానికే చేస్తోందని మొండికేసి, పోటీగా తనూ రెండు పూటలు మానేశాడు. ఆసుపత్రి మెట్లెక్కుతుంటే ఆ సంగతి గుర్తొచ్చి గోడకు తల ఆనించి నిలబడిపోయాడు.

మంచం మీద ఆమె ఇంత చిన్నగా ఎప్పుడైపోయిందో అతనికి తెలియలేదు. చుట్టూ ఉన్న ప్రార్థన కూటం ఆడవాళ్ళు లేచి బయటికి వెళ్ళారు.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే డాక్టరుతో కూడా వాదనకు దిగుతారు కదండీ." ఆమె నవ్వబోయి దగ్గింది. "గంట కొట్టింది మీరేనటగా? ఓడిపోయానని ఏడ్చారా?"

"కాదే. నన్నొదిలేసి పోయావని."

ఆమె అతని చెయ్యి తీసుకుని దుప్పటి మీద పెట్టుకుంది. సూది గుచ్చుకున్న వేళ్ళను ఒక్కొక్కటే నిమిరింది.

"ఒక్కటి చెప్పండి. శ్రమలకు ముందైనా తర్వాతైనా, ఆయనొచ్చే రోజున మొదట లేచేది చనిపోయినవాళ్ళేగా? బతికున్నవాళ్ళు వాళ్ళ వెనకేగా?"

"అవును."

"అయితే ఏ లెక్కన చూసినా మీకన్నా ముందు నేనే. ఒప్పుకుంటారా?"

దర్జీ కాదనడానికి నోరు తెరిచాడు. బైబిల్లో ఏదో ఒక వాక్యం దొరక్కపోతుందా అని తనకు వచ్చినవన్నీ వెతుక్కున్నాడు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోకుండా వెతుక్కున్నాడు.

ఆ ఒక్క విషయంలో మాత్రం రెండు పక్షాలకూ ఏనాడూ తగువు లేదు.